దైఫల్లా ఎంగిలిపడలేదు

మళ్ళీ తల తిప్పేసుకుంది, పటకారు చివర వేలాడుతున్న చిట్టెలుకని ఒకసారి వాసన చూసి, నాలుక ఆడించి, నేనేదో చేయరాని పని చేసినట్టు మెల్లగా మెడ వెనక్కి లాక్కుని తన చుట్టల్లోకి తానే దూరిపోయింది, ఈ రోజు కూడా ఎంగిలిపడదన్నమాట, తినవే తల్లీ, తినరా నాయనా, ఆడో మగో కూడా నాకు తెలియదు, అడిగితే రాకాన్ నవ్వేవాడు, అమ్మా, దైఫల్లా అని పేరు పెట్టాక ఇంకా అనుమానమేంటే అని, దైఫల్లా అంటే దేవుడు పంపిన అతిథి, కొండచిలువ పిల్లకి పెట్టాల్సిన పేరేనా అది, మా పెదనాన్న పేరూ అదే, ఆయనే బతికుంటే ఎవర్ని పిలిచినా ఇద్దరూ తల తిప్పేవాళ్ళు, నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది, కొడుకు పోయిన ఇంట్లో కొడుకు మంచం మీద కూర్చుని నవ్వుతున్నాను, కింద వాకిట్లో ఎవరో కాఫీ గింజలు దంచుతున్నారు, దణ్ దణ్ మని తాళం వేసి మరీ దంచుతున్నారు, పెళ్ళికి దంచినట్టే ఉంది, వేడినీళ్ళలో వెచ్చబెట్టిన చిట్టెలుక తోక నుంచి ఒక చుక్క నా పాదం మీద పడింది, ఇది చల్లారేలోపు తినాలి, ఇవాళ తిని తీరాలి, ఎందుకంటే తెల్లవారి నమాజు చాప మీద కూర్చుని నేనొక మాట అనుకున్నాను, మా ఆయనకి కూడా చెప్పలేదు, ఇవాళ ఇది తింటే సనద్‌ని క్షమిస్తాను, తినకపోతే క్షమించను.

ఇది వచ్చిన రోజు నేను మెట్ల మీద కూర్చుని ఆలివ్ కాయలు చితక్కొడుతున్నాను, రాకాన్ ముందు, సనద్ వెనక, సనద్ చేతిలో గుడ్డసంచి, ఇద్దరూ దొంగల్లా గోడవారగా మెట్లెక్కుతుంటే ఏముందిరా సంచిలో అన్నాను, అతిథి అమ్మా అన్నాడు మా వాడు, అతిథిని సంచిలో తెస్తారట్రా అంటూ మూతి విప్పానో లేదో, నేను పెట్టిన కేక మా ఊరి కరక్ కోట గోడలకి తగిలి వెనక్కి వచ్చింది, మా వదిన నౌఫా పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది, మా ఆయనకి అక్క, పక్క వాటా, నోరు తెరిస్తే మూయదు, సంగతి తెలిశాక చేతులు దులుపుకుని, ఏమే ఫిద్దా, నీ కొడుకు కోడల్ని తెస్తాడనుకుంటే పాముని తెచ్చాడా, పోన్లే, ఇదే నయం, ఎదురు మాట్లాడదు అంది, సనద్ మాత్రం నా మొహం చూడకుండా, పిన్నీ, కరవదు పిన్నీ, భయమేస్తే బంతిలా చుట్టుకుపోతుంది అంతే, అన్నాడు, వాడెప్పుడూ నా మొహం చూసి మాట్లాడలేదు, కింది వీధి వాడు, బడికి వెళ్ళే రోజుల నుంచీ మా ఇంట్లోనే పొర్లేవాడు, కానీ పళ్ళెం ముందు కూర్చోబెడితే చేతులు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు చూసుకునేవాడు, తినరా, నా మీద ఒట్టే, ఈ ముక్క తినకపోతే నీతో మాట్లాడను పో, అని నేను మాంసం తుంచి వాడి వైపు తోస్తూనే ఉండేదాన్ని, మా వాళ్ళు పెట్టే పద్ధతే అంత, వద్దనడం అతిథి మర్యాద, ఒట్లు వేసి పెట్టడం మన మర్యాద, వాడి చెవులు ఎర్రబడేవి కానీ చెయ్యి కదిలేది కాదు, చివరికి రాకాన్ విసుక్కుని, అమ్మా, నువ్వు బయటికెళ్ళు, నువ్వు చూస్తుంటే వాడు తినడు అనేవాడు, నేను వంటింట్లోకి వెళ్ళి వచ్చేసరికి పళ్ళెం కడిగినట్టు ఉండేది, దొంగ సచ్చినోడా అని మురిసిపోయేదాన్ని, ఆ ఎర్రచెవుల వాడే రాకాన్ పోయిన రోజు బండి నడిపాడు.

ఆ రోజు ఇద్దరూ అమ్మాన్ నగరం వెళ్ళింది దీని తిండి కోసమే, దీని కోసమే, పాముల వాళ్ళ దుకాణంలో చిట్టెలుకలు ఐసులో పెట్టి అమ్ముతారు, తెచ్చి ఫ్రీజర్లో పెడతాడు, పండక్కి దాచిన గొర్రెమాంసం పక్కనే, ఒకసారి నౌఫా వదిన కీమా అనుకుని ఆ పొట్లం విప్పి మూడు వీధులు దాటి పరిగెత్తింది, ఆ సాయంత్రం తిరిగొస్తుంటే ఎడారి దారిలో పొగమంచు, నాకు కునుకు పట్టింది, కళ్ళు మూతపడ్డాయి అని సనద్ తనంతట తానే పోలీసులకి చెప్పాడు, పొగమంచు వల్ల అని ఉంటే ఎవడు కాదనేవాడు, ఎందుకు నిజం చెప్పాడు వెధవ, అబద్ధం చెప్పి ఉంటే నేనూ ఆ పొగమంచునే తిట్టుకుంటూ బతికేదాన్ని కదా, రెప్ప పడింది, అంతే, ఒక రెప్ప, ఆస్పత్రిలో నాకు రాకాన్ చొక్కా ఇచ్చారు, చెప్పులు ఇచ్చారు, ఐసు పెట్టె ఇచ్చారు, పెట్టె మూత తీస్తే లోపల చిట్టెలుకలు ఒక్కటి కూడా చెక్కుచెదరకుండా వరసగా పడుకుని ఉన్నాయి, నా బిడ్డకి మాత్రం మొహం లేదు.

అప్పటి నుంచీ ఇది తినలేదు, మొదట్లో చలి అన్నారు, గాజుతొట్టె కింద వెచ్చటి పట్టీ పెట్టించాను, కుబుసం విడిచే ముందు తినదులే అన్నారు, కళ్ళు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి, ఆ తెల్లకళ్ళతో నన్నే చూస్తూ వారం అంతా పడుకుంది, కుబుసమూ విడిచింది, ఒక్క తొడుగుగా రావాల్సింది చింపిరి ముక్కలుగా వచ్చింది, అయినా తినలేదు, ఇప్పుడు చర్మం వదులైపోయి వెన్నుపూస గట్టులా పైకి తేలింది, రోజూ పొద్దునా సాయంత్రం ఈ గాజు ముందు కూర్చుంటాను, పటకారుతో మూతి దగ్గర పెడతాను, ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు, నా మీద ఒట్టు తిను, రాకాన్ మీద ఒట్టు తిను, పాముకి ఒట్లు వేస్తున్నానని నౌఫా వదిన గుమ్మంలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది, ఫిద్దా, చెప్తే కోప్పడతావు కానీ దీన్ని లోయలో వదిలేయించు, మన గడప దాటొచ్చి మన తిండి ముట్టనిది మంచి కోరి వచ్చినట్టు కాదే, అమ్మలక్కలందరూ అదే అనుకుంటున్నారు, దీనికి ఏదో కావాలి, అది ఇచ్చేదాకా తినదు అంది, పో వదినా నీ మాటలూ నువ్వూ అని కసిరాను కానీ ఆ మాట గదిలోనే ఉండిపోయింది, మా నాయనమ్మ నల్ల గుడారంలో పుట్టిన మనిషి, అతిథి కాఫీ ముట్టకుండా కూర్చుంటే మగవాళ్ళ మొహాలు ఎలా మారిపోయేవో, ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి ఎలా లాక్కునేవాళ్ళో చెప్పేది, ఏం కావాలి నీకు, చెప్పు, ఎవరు కావాలి, మా వాడు చాలలేదా, సనద్ కూడా కావాలా.

కార్లు వచ్చాయి, ఒకటి కాదు, వీధి మొదటి నుంచి తలుపులు మూసుకుంటున్న చప్పుళ్ళు వరసగా దగ్గరికి వస్తున్నాయి, జాహా వచ్చేసింది, రాజీ అడగడానికి సనద్ తెగ వాళ్ళూ వాళ్ళ తరఫున మాట్లాడే పెద్దమనుషులూ, చెప్పుల చప్పుడు, ఊతకర్ర చప్పుడు, ఊతకర్ర హాజీ తర్రాద్‌ది అయి ఉంటుంది, ఆయన అడిగితే కాదన్నవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరంటారు, అందుకే ఆయన్ని ముందు పెట్టుకుని వచ్చారు, కిటికీ లోంచి చూస్తే మగవాళ్ళ నల్లకోట్లు తలలు వంచుకుని మా గుమ్మం లోకి వెళ్తున్నాయి, అందరూ వెళ్ళారు, ఒక్కడు వెళ్ళలేదు, మా మరిది కొడుకు హాయిల్, అంజూర చెట్టు దగ్గర తన కారుకి ఆనుకుని నిలబడ్డాడు, ఆ కారు డిక్కీలో ఏం పెట్టుకుని తిరుగుతున్నాడో ఇంటిల్లిపాదికీ తెలుసు, ఎవరూ పైకి అనరు, నిన్న నా చెయ్యి ముద్దు పెట్టుకుని, పెద్దమ్మా, నువ్వు వద్దంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా అన్నాడు, ఎంత ప్రేమగా అన్నాడో, నాకు మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు, మేము మాట ఇచ్చేదాకా పోలీసులు సనద్‌ని బయటికి వదలరు, హాయిల్ లాంటి వాళ్ళకి భయపడే వదలరు, మేము మాట ఇవ్వకపోయినా ఏదో ఒక రోజు వదలక తప్పదు కదా, ఆ రోజు కోసం హాయిల్ అంజూర చెట్టు కింద నిలబడే ఉంటాడు, వీడి తల్లి, నా తోడికోడలు, ఈ చెట్టు కిందే వీడికి పాలిచ్చింది.

గోడ పల్చటిది, ఇది రాకాన్ గది, అవతల మగవాళ్ళు కూర్చునే పెద్దగది, రాకాన్ పరీక్షలకి చదువుకుంటుంటే నాన్న గొంతు తగ్గించుకోమనవే అని అరిచేవాడు, ఇప్పుడు అన్నీ వినబడుతున్నాయి, సలాములు అయ్యాయి, కూర్చున్నారు, మంచం తగిలి గాజుతొట్టె కదిలింది, దైఫల్లా తల కొద్దిగా ఎత్తింది, వినబడుతోందా నీకు కూడా, కాఫీ పోస్తున్న సన్నటి ధార చప్పుడు, యాలకుల వాసన తలుపు సందులోంచి ఇక్కడిదాకా వచ్చింది, మొదటి కప్పు హాజీ తర్రాద్‌కే, ఇప్పుడు చేతిలోకి తీసుకుని ఉంటాడు, ఇప్పుడు, టక్, బల్ల మీద పింగాణీ, పెట్టేశాడు, తాగలేదు, తాగడు, తాగండి హాజీ, కాఫీ చల్లారిపోతుంది, అంటున్నాడు మా ఆయన, చల్లారనీ ఆయిద్, ముసలాయన గొంతు, నీ దగ్గర మాకొక కోరిక ఉంది, అది తీరుస్తానంటే ఈ కాఫీ తాగుతాం, లేదంటే ఈ కప్పు ఇలాగే వదిలేసి వచ్చిన దారినే పోతాం, పోయిన బిడ్డని తెచ్చివ్వడం మా చేతుల్లో లేదు, ఉన్న బిడ్డని ఇమ్మని అడగడానికి సిగ్గు చంపుకుని వచ్చాం, ఆ పిల్లాడు తప్పు కాదనలేదు, దాచలేదు, నీ ముందు పెట్టాడు, నీ కొడుకు పేరు మీద వాడిని నీ కొడుకు స్నేహితుడికి ఇవ్వు, అదేంటి, ముసలాయన మాట తడబడింది, వాడిని వాడికే ఇమ్మంటున్నాడు, ఎవరూ సరిదిద్దలేదు, అందరి ముందూ కప్పులు, కాఫీ పోసినవి పోసినట్టే ఉండి ఉంటాయి.

ఇంట్లో ఒక మాట అడిగి వస్తాను, మా ఆయనే, ఎవరో దగ్గారు, ఆడమనిషిని అడిగి వస్తాడట అని రేపు ఊరంతా అనుకుంటుంది, అనుకోనీ, తలుపు తీసి లోపలికి వచ్చి నిలబడ్డాడు, శాలువా ఒక భుజం మీద నుంచి జారిపోయి ఉంది, నౌఫా వదిన కూడా ఆయన వెనకే దూరింది, రాకాన్ అమ్మా అన్నాడు, ఇంకా కొడుకు పేరుతోనే పిలుస్తాడు, ఇంకెలా పిలుస్తాడు, రాకాన్ అమ్మా, వాళ్ళు వచ్చారు, విన్నాను, ఏమనమంటావు, నువ్వే అను అన్నాను, పొద్దునే చెప్పాను కదా అన్నాడు, నేను అనే మాట నీ మాటే, నువ్వు ఊఁ అంటే తాగమంటాను, ఊహూఁ అంటే లేచి నిలబడతాను, నేను మొయ్యలేను ఇది ఒక్కడినీ, ఆగు, ఇది తిననీ, ఏంటీ, ఇది తిననీ అంటున్నాను, ఆయన పటకారు వైపు చూశాడు, ఎలుక వైపు చూశాడు, నా వైపు చూశాడు, నాకు మతి పోయిందనుకున్నాడో ఏమో, వచ్చి గోడకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు, గోడ అవతల అంతమంది, ఇవతల మేము, మధ్యలో ఈ చేతిపొడుగు పాము, ఇది పెట్టెలో ఆఖరి చిట్టెలుక, చల్లారిపోతోంది, అక్కడ కాఫీ చల్లారిపోతోంది.

ఫిద్దా, ఒక మాట చెప్తే తిట్టవుగా అంది నౌఫా వదిన, మొదటిసారి ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం, చెప్పు, సనద్ తల్లి నిన్న బావి దగ్గర నా చెయ్యి పట్టుకుంది, కొడుకుని జైల్లో చూడ్డానికి వెళ్తే వాడు వేరే ఏమీ అడగలేదట, దైఫల్లా తింటోందా అని అడిగాడట, నాకు చెవుల్లో నిప్పులు పోసినట్టయింది, పాము, పాము గురించి అడిగాడా, నా కడుపుకోత గురించి అడగలేదా, అడిగే మొహం ఉందటే వాడికి, పూర్తిగా విను అంది వదిన, పిన్నికి చెప్పమన్నాడట, దాన్ని చూడొద్దని, తిండి పెట్టి మీద గుడ్డ కప్పేసి దీపం ఆపి బయటికి వచ్చెయ్యమన్నాడట, పిల్ల పాములకి భయమట, ఎవరైనా చూస్తుంటే తినవట, బయటికి వచ్చెయ్యమనా, నా కొడుకు గదిలోంచి నన్ను బయటికి వెళ్ళమంటాడా, రెప్ప వేసినవాడు, రెప్ప వేసి నా ఇల్లు ఆర్పినవాడు, నన్ను చూడొద్దంటాడా, నేను చూస్తాను, ఒక్క క్షణం కూడా రెప్ప వెయ్యను, కళ్ళు మండితే మండనీ, చూడు దైఫల్లా, చూస్తూనే ఉంటాను, నువ్వు తినవు, తినవు కదా, తినకు.

తినకు అన్నానా, పైకే అన్నానా, వాళ్ళిద్దరూ నా వైపు చూస్తున్నారు, తిను అనబోయి అన్నానేమో, కాదు, తినకు అనే అన్నాను, పటకారు బరువెక్కి కిందికి వాలింది, ఎలుక మూతి గాజుకి తగిలి చిన్న తడి మరక పడింది, దైఫల్లా చప్పున తల దాచుకుంది, పూర్తిగా బంతి అయిపోయింది, చుట్టల మధ్య ఎక్కడో తల, ఎర్రబడ్డ చెవులు, పాముకి చెవులు ఎక్కడివి, గోళ్ళు చూసుకుంటూ కూర్చున్న పిల్లాడు, చేతులు ఒళ్ళో, తినరా నా మీద ఒట్టు, అమ్మా నువ్వు బయటికెళ్ళు, నువ్వు చూస్తుంటే వాడు తినడు, వాడు తినడు, అదే మాట, రాకాన్ అదే మాట ఇక్కడ ఈ గదిలో కూడా అన్నాడు, సనద్ గురించి కాదు, ఒక రాత్రి భోజనాలయ్యాక వాడు ఎలుక తీసుకుని వస్తుంటే నేనూ చూస్తానురా అని వెంటపడితే గుమ్మం దగ్గర రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తిప్పి, అమ్మా నువ్వు బయటికెళ్ళు, నువ్వు చూస్తుంటే ఇది కూడా తినదు అన్నాడు, ఇది కూడా, నవ్వుతూ అన్నాడు, తలుపు వేసుకున్నాడు, తలుపు కింద వెలుతురు ఆరిపోయింది, నేను అవతల చెంబు పట్టుకుని నిలబడి విన్నాను, వాడి చేతుల వెచ్చదనం ఇంకా నా భుజాల మీద ఉండగా విన్నాను, అయితే నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు, జైల్లోంచి కబురు పంపనక్కర్లేదు, నాకు తెలుసు, మొదటి నుంచీ తెలుసు, చలి కాదు, కుబుసం కాదు, దీనికి దుఃఖమూ లేదు, కోరికా లేదు, ఇది ఎవరి ప్రాణమూ అడగలేదు, అడిగింది నేను, నేను చూస్తుంటే తినదని తెలిసే రోజూ దీని ముందు కూర్చున్నాను, తెలిసే పొద్దున దీని తిండికీ నా క్షమకీ ముడి వేశాను, దేవుడి మీదకి నెట్టినట్టు నెట్టి, పాము వద్దంది నేను కాదు అని చెప్పుకోవడానికి, నా బిడ్డ లేని లోకంలో ఎవరూ ముద్ద మింగకూడదని, ఇదీ, సనద్, ఆ గదిలో కూర్చున్న అంతమందీ, అందరి నోళ్ళ దగ్గరా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నది నేనే, కళ్ళు మండుతున్నాయి, ఎంతసేపటి నుంచి రెప్ప వెయ్యలేదో, వేశాను.

చిట్టెలుకని అది దాక్కునే మట్టిచిప్ప పక్కన పెట్టాను, మేకుకి వేలాడుతున్న రాకాన్ ఎర్రగళ్ళ తలగుడ్డ తీశాను, ఇంకా వాడి నూనె వాసనే, తొట్టె మీద నాలుగు పక్కలా కప్పాను, దీపం ఆపాను, లే అన్నాను మా ఆయనతో, వదినా నువ్వు కూడా, వెళ్ళి వాళ్ళని కాఫీ తాగమను, చల్లారింది పారబోసి వేడిది పొయ్యమను, హాయిల్‌ని లోపలికి పిలు, వాడి చేత్తోనే పొయ్యమను, వింటే పోస్తాడు, వినకపోతే పెద్దమ్మ పిలిచిందని చెప్పు, ఆయన గోడ పట్టుకుని లేచాడు, శాలువా సర్దుకున్నాడు, మరి పాము తిందా అని అడిగింది వదిన చీకట్లోంచి, తెలియదు, నేను గుమ్మం దాటి తలుపు దగ్గరికి వేశాను, వెనక గుడ్డ కింద ఏదో కదిలినట్టు చప్పుడైంది, కాలు ఆగింది, మెడ తిరగబోయింది, రాకాన్ రెండు చేతులూ నా భుజాల మీద వేసి ముందుకి తిప్పినట్టయింది, పద అమ్మా, పదరా నాన్నా, వెళ్తున్నాను, ఇన్నాళ్ళూ ఈ అతిథి నన్ను అడిగింది ఒక్కటే, నా వైపు చూడకు అని.